అరకాను తీరమున రెండు రేవులు

రేవునకు రెండు ముఖములు. ఒక ముఖము సముద్రమును చూచును, రెండవది భూమిని చూచును. సముద్రపు ముఖము ఎంత లోతుగా, ఎంత నిమ్మళముగా ఉన్నను, భూమి వైపున దారి లేనిచో అది ఓడలు గాలివానకు తలదాచుకొను చోటగును గాని వర్తకపు రేవు కాజాలదు. ఈ సంగతి తెలుగువారికి క్రొత్త గాదు. కోరంగిని మేటలును, ఉప్పెనలును మ్రింగినవి. కాని కళింగపట్నము, భీమునిపట్నము చితికిపోవుటకు సముద్రము కారణము గాదు. 1931లో రాయపూరు నుండి విజయనగరమునకు రైలుదారి పూర్తియైనది. 1933లో విశాఖపట్టణపు హార్బరు తెరువబడినది. మధ్యపరగణాల మాంగనీసు ఆ దారి వెంట నేరుగా విశాఖకు దిగెను. ఇరుగుపొరుగు రేవులలో ఓడల రాక తగ్గి తగ్గి, కడకు దీపస్తంభములు మాత్రము మిగిలినవి. విశాఖను పెద్దచేసినది డాల్ఫిన్ కొండ నీడ ఒక్కటియే కాదు, తూర్పు కనుమలను దాటివచ్చిన ఆ ఇనుప దారి.

ఇటీవల పత్రికలు తిరుగవేయువారికి 'కారిడార్' అను మాట కంటబడని దినముండదు. చైనా-పాకిస్తాన్ కారిడార్ అరేబియా సముద్రపుటొడ్డున గ్వాదరు రేవునకు దిగును. భారతదేశము ఇరానులోని చాబహార్ రేవు మీదుగా ఆఫ్ఘనిస్తానమునకు, మధ్య ఆసియాకు దారి వెదకినది. ఇంటికి నడవ యెట్టిదో దేశములకు కారిడార్ అట్టిదని ఈ మాటకు తాత్పర్యము. ఒక గదిలో నుండి మరియొక గదిలోనికి పోవుటకే నడవ. అందులో ఎవరును కాపురముండరు. చిక్కంతయు ఆ ఉపమానములోనే ఉన్నది. దేశములు వేయదలచిన నడవలలో జనము తరతరములుగా కాపురమున్నారు. అక్కడ వరి నాటుచున్నారు, వలలు వేయుచున్నారు, అవసరమైనచో తుపాకులు పట్టి యుద్ధములు కూడ చేయుచున్నారు.

ఈ సత్యమును పరీక్షించుటకు మయన్మార్ దేశపు పడమటి తీరము కంటె తగిన తావు లేదు. పూర్వులు అరకాను అని పిలిచిన ఈ సీమకు ఇప్పటి పేరు రఖైన్. సుమారు నూరు కిలోమీటర్ల ఎడముతో ఈ తీరమున రెండు రేవులున్నవి. ఉత్తరమున కళదాన్ నదీముఖమునందున్న సిత్వే రేవును భారతదేశము కట్టించినది. దక్షిణమున రామ్రీ ద్వీపము మీదనున్న చౌక్‌ప్యూ రేవు చైనా సంకల్పము. ఒకదాని వెనుక కోల్‌కతా నుండి మిజోరాంకు పోవు దారి, మరియొకదాని వెనుక యునాన్ రాష్ట్రమునకు పోవు గొట్టములు. రెండు పెద్ద రాజ్యముల లెక్కలు ఇంత దగ్గరగా, ఇంత బయలుగా పోల్చిచూచుకొను అవకాశము మరియొక చోట దొరకదు.

పాత అక్యాబు

సిత్వేకు ఆంగ్లేయుల నాటి పేరు అక్యాబు. అరకాను రాజుల రాజధాని మ్రౌక్ ఊ, నదులకు ఎగువన ఉండెడిది. 1784-85లో బర్మా రాజైన బోదపయా ఆ రాజ్యమును జయించెను. నలుబది సంవత్సరములు నిండిన పిమ్మట 1826 నాటి యాందబో సంధి వలన అరకాను ఆంగ్లేయుల వశమయ్యెను. వారు పాత రాజధానిలోని జ్వరములకు వెరచి తమ కచ్చేరీలను నదీముఖమునకు దింపుకొనిరి. ఆనాడు చిన్న పల్లెయైన అక్యాబు కొలది కాలములోనే బియ్యపు ఓడలకు పేరెన్నిక గన్నది. రంగూను 1852 వరకు ఆంగ్లేయుల చేతికి రాలేదు గనుక, బర్మా బియ్యము ఐరోపాకు పోవుటకు మొదటి వాకిలి అక్యాబే. ఎగువ పొలముల ధాన్యము కళదాన్, లెమ్రో నదుల మీద పడవలలో వచ్చెడిది. కోతల కాలమున చట్టగాము ప్రాంతము నుండి కూలీలు వచ్చి, పని ముగిసిన పిమ్మట కొందరు తిరిగిపోవుచు, కొందరు అచ్చటనే నిలిచిపోవుచుండెడివారు. ఈ వలసల చరిత్రయే తరువాతి శతాబ్దములో ఎంతటి నెత్తుటి తగవునకు మూలమైనదో లోకము ఎరుగును.

పరదేశపు రేవున కూలికి పోవుట యన నేమో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఉత్తర సర్కారు జిల్లాలలో రంగూనును 'రంగము' అనెడివారు. రంగము పోయిన కొడుకు పంపు రూపాయల మీద బ్రదికిన కుటుంబములు శ్రీకాకుళము, విశాఖ, గోదావరి మండలములలో కోకొల్లలు. బర్మావారు తెలుగువారినందరిని కోరంగీలనిరి. వారు ఓడ యెక్కివచ్చిన రేవు పేరే వారికి జాతిపేరైనది. రంగూను రేవులో మూటలు మోసినవారిలో పెద్దపాలు వారే. 1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు కూలిరేట్లు పెంచుమని సమ్మె కట్టిరి. గుత్తదారులు వారికి మారుగా బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె తీరగనే తెలుగువారిని మరల పిలిచి, బర్మీయులను పొమ్మనిరి. ఆ పూట రేవులో రేగిన కొట్లాట నగరమంతట ప్రాకి, వందలకొలది ప్రాణములను బలిగొన్నది. చచ్చినవారిలో అత్యధికులు తెలుగు కూలీలు. ఓడల కంపెనీలకు మాత్రము సరకు దిగుట కొన్ని దినములు ఆలస్యమైనది. అంతే.

1942లో జపాను సేనలు రంగూనును సమీపించినప్పుడు, ఇండియాకు నడచివచ్చినవారిలో ఒక పాయ ప్రోము నుండి అరకాను కొండలను దాటి తౌంగుప్‌నకు దిగి, అచ్చటి నుండి పడవల మీద అక్యాబు, చట్టగాముల వైపు సాగినది. ఇప్పటి కారిడార్ పటములలో ఎర్రగీతలుగా కనబడు దారులలో కొన్ని పూర్వము ఆకలితోను, కలరాతోను కాలినడకన సాగిన మనుష్యులు తొక్కినవే.

కళదాన్ సంకల్పము

1947 దేశవిభజన వలన ఈశాన్య భారతమునకు కలిగిన నష్టములలో మిక్కిలి పెద్దది చట్టగాము. అస్సాము తేయాకును ఓడకెక్కించుటకే అస్సాము-బెంగాలు రైలుదారిని చట్టగామునకు వేసియుండిరి. గీత గీయగనే ఆ రేవు పరదేశమయ్యెను. అటుపై ఆ కొండరాష్ట్రములన్నింటికి మిగిలినది సిలిగుడి వద్ద ఇరువది కిలోమీటర్ల పాటి వెడల్పు గల ఇరుకు దారి. సముద్రమునకు కూతవేటు దూరమున ఉన్నట్లే పటములో కనబడు మిజోరాం, త్రిపురలకు, బియ్యపు బస్తా కోల్‌కతా నుండి ఉత్తర బెంగాలు చుట్టివచ్చి, అస్సాము దాటి, కొండలెక్కి రావలసియున్నది.

ఆ చుట్టు తప్పించుటకు పుట్టినది కళదాన్ పథకము. ఈ నది చిన్ కొండలలో పుట్టి, మిజోరాంలో ఛిమ్‌తుయిపుయి అను పేర ప్రవహించి, మరల మయన్మార్‌లో ప్రవేశించి సిత్వే వద్ద సముద్రమున గలియును. నది స్వయముగా గీచిన దారి గదా, దాని వెంటనే పోవుదమని ఇంజనీర్ల ఆలోచన. 2008 ఏప్రిల్‌లో రెండు ప్రభుత్వములును ఒడంబడిక చేసికొనినవి. కోల్‌కతా నుండి సిత్వేకు సముద్రము మీద 539 కిలోమీటర్లు. సిత్వే నుండి నది మీద ఎగువకు పడవలు. అటుపై రోడ్డు మార్గమున మిజోరాం సరిహద్దునకు లారీలు. అచ్చటి నుండి లాంగ్‌త్లాయ్ వరకు మరి సుమారు నూరు కిలోమీటర్ల రోడ్డు. ఖర్చు అంతయు భారతదేశముదే. నాటి అంచనా సుమారు 536 కోట్ల రూపాయలు.

కాగితము మీద ఇంతకంటె అందమైన దారి లేదు. కాని మొదటి పటములో నది మీద 225 కిలోమీటర్లు, రోడ్డు 62 కిలోమీటర్లుగా చూపిరి. పనిలో దిగిన పిమ్మట పలెత్వాకు ఎగువన నదిలో ఆ పాటి పడవలు నడువవని తేలినది. నది పాలు 158 కిలోమీటర్లకు తగ్గి, పలెత్వా నుండి సరిహద్దులోని జొరిన్‌పుయి వరకు రోడ్డు పాలు 109 కిలోమీటర్లకు పెరిగినది. నీటి మీద నడుచు దారికి ఖర్చు తక్కువ. ఏటా నాలుగు మీటర్లకు మించిన వాన కురియు కొండలలో, ముప్పదికి పైగా వంతెనలతో వేయు రోడ్డు సంగతి వేరు. 2015లో అంచనా 2,904 కోట్లకు చేరినది. నదిలో నీరెంతయని పల్లెల పడవవారిని ఆదిలోనే అడిగియుండినచో కొంత తెలిసియుండెడిది. కాని కారిడార్లను గీయువారికి పడవవారిని అడుగు అలవాటు ఎచ్చటను కానరాదు.

రెండవ పొరపాటు పనుల వరుసలోనిది. సులభమైన పనులు ముందు జరిగినవి. సిత్వేలో జెట్టీ లేచినది, పలెత్వాలో పడవల రేవు కట్టిరి. ఒక్కొక్కటి 300 టన్నులు మోయు ఆరు పడవలను 2017లో మయన్మార్‌కు అప్పగించిరి. కష్టమైన రోడ్డు వెనుకబడినది. రోడ్డు లేని రేవు చేంతాడు లేని బావి వంటిది. అంతలోగా ఆ కొండలలో అరకాన్ ఆర్మీ అను సాయుధ దళము బలము పుంజుకొనినది. 2019 నవంబరులో కళదాన్ నది మీద పడవలో పోవుచున్న ఐదుగురు భారతీయులను, ఒక మయన్మార్ పార్లమెంటు సభ్యునితో కూడ, ఆ దళమువారు పట్టుకొనిపోయిరి. ఒక భారతీయుడు వారి చెరలోనే మరణించెను. నది ఎవరిదని ఎవరైనను సందేహించినచో ఆనాటికే సమాధానము దొరికినది.

పథకమునందు మరియొక సహజమైన కష్టము కలదు. ఓడలోని సరకును సిత్వేలో దింపి పడవలకెక్కింపవలెను. పలెత్వాలో పడవలలో నుండి దింపి లారీలకెక్కింపవలెను. ఎక్కింపు దింపులకు కూలి, ఆలస్యము, తరుగు. సిమెంటు బస్తా చినుగును, బియ్యపు బస్తా తడియును. దారి తగ్గిన లాభములో కొంత ఈ చేతుల మార్పులో కరగిపోవుట తప్పదు. అట్లని ఈ కూలి వృథా యని చెప్పరాదు. రేవు ఊరికి బ్రదుకుతెరువు చూపునది ఆ ఎక్కింపు దింపులే. మూటలు మోయువారు, పడవలు నడుపువారు, గిడ్డంగుల కాపలావారు, వారికి అన్నము వండిపెట్టు పూటకూళ్ళవారు - రేవు అనగా వీరే. కళదాన్ దారి మెల్లగా నడుచునదియైనను, నడచిన నాడు సిత్వేలోను పలెత్వాలోను నాలుగు పొయ్యిలు వెలుగును. ఈ ఒక్క విషయమున అది చైనావారి దారి కంటె మేలైనది.

2023 మే 4న కోల్‌కతాలో వేయి టన్నుల సిమెంటుతో ఒక ఓడ బయలుదేరినది. మే 9న సిత్వే రేవులో దానికి స్వాగతము పలికి ప్రారంభోత్సవము జరిపిరి. ఒడంబడిక చేసికొని పదునైదేండ్లు గడచినవి. సరిగా ఐదు దినములకు, మే 14న, 'మోఖా' తుపాను సిత్వే పరిసరములలోనే తీరమును దాటినది. ప్రభుత్వపు లెక్కయే 145 మంది మృతులనినది. వారిలో అత్యధికులు రోహింగ్యాలు. 2012 నాటి మతకల్లోలములలో ఇండ్లు కాలిపోయి, ఊరి వెలుపల శిబిరములలోనికి తోలబడిన వీరు, వెదురు పాకలలో పదునొకండేండ్లుగా పడియుండిరి. రేవు కట్టుచున్నంత కాలము ఆ శిబిరములు రేవునకు కొలది కిలోమీటర్లలోనే ఉండెను. ఊరి జనములో ఒక పెద్ద భాగమును ముళ్ళకంచె వెనుక ఉంచి, ఆ ఊరు నౌకావర్తక కేంద్రము కాగలదని ఆశించుట ఎట్టి అర్థశాస్త్రమో తెలియదు. సిత్వే సంతలో చేపలమ్మినవారిలో, పడవలు నడిపినవారిలో వారును ఉండిరి.

గొట్టముల రేవు

ఇక చౌక్‌ప్యూ. ఈ కథ భారతదేశపు పోగొట్టుకొనిన అవకాశముతో మొదలగును. అరకాను తీరమునకు దూరమున సముద్రగర్భములోని 'ష్వే' వాయుక్షేత్రములో భారత ప్రభుత్వ సంస్థలైన ఓఎన్‌జీసీ విదేశ్, గెయిల్‌లకు వాటాలున్నవి. ఆ వాయువును బంగ్లాదేశము మీదుగా గొట్టములలో కోల్‌కతాకు తెచ్చుటకు 2005 జనవరిలో మూడు దేశముల మంత్రులు రంగూనులో కూడి సూత్రప్రాయముగా అంగీకరించిరి. తమ భూమిలో గొట్టము పోనిచ్చుటకు బదులుగా, నేపాలు, భూటానులతో వర్తకమునకు దారి యిమ్మని బంగ్లాదేశము కోరెను. ఢిల్లీ తటపటాయించెను. బేరము సాగుచుండగనే మయన్మార్ పాలకులు ఆ వాయువును చైనాకు అమ్మివేసిరి. 2013లో వాయువు గొట్టమున ప్రవహించుట మొదలిడెను. అందు భారతీయ సంస్థల పాలు వాయువును చైనాలోనే మండుచున్నది. ఆ సంస్థలకు లాభము వచ్చును, నిజమే. కాని కోల్‌కతా పొయ్యిలకు ఆ వాయువు రాదు.

దాని ప్రక్కనే చమురు గొట్టము. పశ్చిమాసియా నుండి వచ్చు మూడు లక్షల టన్నుల భారీ ఓడలు చౌక్‌ప్యూ చెంతనున్న మదే ద్వీపమున ఆగి, చమురును గొట్టములోనికి వదలును. మయన్మార్‌లో 771 కిలోమీటర్లు పయనించి ఆ చమురు యునాన్ చేరును. ఏటికి రెండుకోట్ల ఇరువది లక్షల టన్నులు మోయుటకు తగినట్లుగా దానిని నిర్మించిరి. 2017లో వాడుకలోనికి వచ్చినది. మలక్కా జలసంధి ఏనాడైన మూసుకొనిపోయినచో చైనాకు ప్రాణవాయువు వంటిదని దీనిని వర్ణింతురు. చైనా దిగుమతి చేసికొను చమురు మొత్తముతో పోల్చినచో ఇది కొలది భాగమే గనుక ఆ వర్ణనలో అతిశయము పాలు ఎక్కువ. అయినను దారి దారియే.

పనితనమున ఈ దారికి వంకపెట్ట వీలులేదు. అనుకొనినది కట్టిరి, కట్టినది నడుచుచున్నది. సిత్వేతో పోల్చినచో భారతీయునికి అసూయ కలుగవచ్చును. కాని రేవు దృష్టితో చూచినచో మదే ద్వీపమునందు ఉన్నది రేవు కానేకాదు. అది కొళాయి. ఓడ వచ్చును, గొట్టము తగిలింతురు, చమురు పోవును, ఓడ వెడలిపోవును. మూట మోయు కూలికి అచ్చట పని లేదు. గొట్టమునకు గిడ్డంగి కాపలావాడు వలదు, పూటకూళ్ళ ఇల్లు వలదు. నిర్మాణపు దినములలో కొంత కూలి దొరికినది. ముగిసిన పిమ్మట ఆ కూలియు ముగిసినది. ఓడలు తిరుగు నీళ్ళలోనికి చేపల పడవలను రానీయకుండుటతో ద్వీపవాసులైన జాలరుల వేటమేర తగ్గినది. పొలము మీదుగా గొట్టము పోయిన రైతులు నష్టపరిహారము చాలదని మొరపెట్టుకొనిరి.

కరెంటు కథ మరింత చోద్యము. రఖైన్ సీమ చాలకాలము మయన్మార్ జాతీయ విద్యుత్ లైనులకు వెలుపలనే ఉండెను. గొట్టములు వేయుచున్న దినములలో ఆ పట్టణముల జనము డీజిలు యంత్రముల కరెంటునకు రంగూను ధరకు పదిరెట్లు మించి చెల్లించుచు, అదియు రాత్రి కొన్ని గంటలు మాత్రమే పొందెడివారు. తమ కడలిలోని వాయువు తమ ఇంటి ముందుగా పరదేశమునకు పోవుచుండ, తాము కిరసనాయిలు బుడ్డి వెలిగించుకొనవలసివచ్చెనని ఇరువదినాలుగు గంటల కరెంటు కొరకు ఊరేగింపులు తీసిరి. 135 మెగావాట్ల వాయువిద్యుత్ కేంద్రము చౌక్‌ప్యూలో తెరచునప్పటికి 2022 వచ్చినది. వాయువు చైనాకు పోసాగిన తొమ్మిదేండ్లకు!

గొట్టములు గాక, చౌక్‌ప్యూలో లోతునీటి ఓడరేవు కట్టుటకు 'సిటిక్' అను చైనా ప్రభుత్వ సంస్థ నాయకత్వమున మరియొక పెద్ద పథకమున్నది. మొదటి అంచనా 730 కోట్ల డాలర్లు. 2017లో శ్రీలంక తన హంబన్‌తోట రేవును తొంబదితొమ్మిదేండ్లకు చైనా కంపెనీకి కౌలుకిచ్చుట చూచి, నాటి పౌరప్రభుత్వమునకు భయము పుట్టెను. బేరమాడి 2018లో మొదటి అంకమును 130 కోట్ల డాలర్లకు తగ్గించిరి. ఇంత పెద్ద రాజ్యముతో అంత చిన్న ప్రభుత్వము గట్టిగా బేరమాడగలిగినదన్న సంగతి మరువరాదు. ఋణపు ఉచ్చు అని వాపోవువారు ఈ ఉదాహరణమును తరచుగా విడిచివేయుదురు. ఆ ప్రభుత్వమును 2021 ఫిబ్రవరి 1న సైన్యము కూలద్రోసెను. 2023 డిసెంబరులో సైనిక ప్రభుత్వము ఆ రేవు ఒప్పందమునకు అనుబంధపత్రము వ్రాసినది. ఆ వ్రాత తడి ఆరకమునుపే రఖైన్‌లో దావానలము రేగియుండెను.

నది చేతులు మారుట

2023 నవంబరు 13న అరకాన్ ఆర్మీ రఖైన్‌లో మరల యుద్ధమునకు దిగినది. 2024 జనవరి మధ్యలో పలెత్వా పట్టణము వారి వశమైనది. కళదాన్ దారిలో ఓడసరకు లారీకెక్కవలసిన చోటు అదియే. ఆ జనవరి 17న ఓడిపోయిన మయన్మార్ సైనికులు 276 మంది మిజోరాంలోని లాంగ్‌త్లాయ్ జిల్లాలో ప్రవేశించిరి. వారిని స్వదేశమునకు చేర్చుటకు వచ్చిన విమానము లెంగ్‌పుయి విమానాశ్రయమున రన్‌వే మీద నుండి జారిపోయినది. 2021 నుండియు మయన్మార్ శరణార్థులు ముప్పదివేలకు పైగా మిజోరాంలో తలదాచుకొనిరి. వర్తకముకై తలపెట్టిన దారి ప్రక్కల నుండి మొదట వచ్చినది సరకు గాదు, ఓడిన సైనికులును, ఇల్లు విడిచిన కుటుంబములును.

2024 ముగియునప్పటికి రఖైన్‌లోని 17 టౌన్‌షిప్పులలో 14 అరకాన్ ఆర్మీ చేతిలో పడినవి. సైన్యమునకు మిగిలినవి మూడు. సిత్వే, చౌక్‌ప్యూ, మనౌంగ్ ద్వీపము. పాఠకులు గమనింపవలసినది ఇదియే. భారతదేశపు రేవును, చైనా రేవును సైన్యము చేతిలోనే ఉన్నవి. ఆ రేవుల వెనుక భూమి అంతయు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్నది. రేవునకు రెండు ముఖములుండునంటిమి గదా, సిత్వేలో ఒక్కొక్క ముఖమునకు ఒక్కొక్క యజమాని ఏర్పడినాడు. 2025 చివరి వరకును ఈ స్థితి మారలేదు.

ఈ చీలిక ఫలము జనమునకు ఆకలి. తిరుగుబాటుదారులను లొంగదీయుటకు సైన్యము రోడ్లను, నదీమార్గములను దిగ్బంధించినది. మందులు, ఎరువులు, డీజిలు లోపలికి పోవు దారి లేకపోయినది. ఒకనాడు ఐరోపాకు బియ్యము పంపిన ఈ సీమలో కరవు పొంచియున్నదని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2024 నవంబరులో హెచ్చరించినది. కోట్లు వెచ్చించి పడవల రాకపోకలకు సిద్ధము చేసిన నది మీద బియ్యపు పడవ నడచుటయే నేరమైనది.

ఇంతలో పశ్చిమమున మరియొక తలుపు మూసుకొనినది. సిలిగుడి చుట్టు తప్పించుటకు భారతదేశము బంగ్లాదేశముతో పెంచుకొనిన దారులు తక్కువవి కావు. చట్టగాము, మోంగ్లా రేవుల మీదుగా ఈశాన్యమునకు సరకు చేర్చుటకు 2020లో ప్రయోగాత్మకముగా ఓడ నడచినది. 2023 నవంబరులో అఖౌరా-అగర్తలా రైలుదారి ప్రారంభమైనది. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వము పడిపోవుటతో ఆ స్నేహము చల్లబడెను. 2025 మార్చిలో బంగ్లాదేశపు తాత్కాలిక ప్రభుత్వాధిపతి మహమ్మద్ యూనస్ చైనాకు పోయి, ఈశాన్య భారతమునకు సముద్రము లేదనియు, ఆ ప్రాంతమున కడలికి కాపరి తామేననియు పలికెను. ఏప్రిల్‌లో భారతదేశము బంగ్లాదేశపు ఎగుమతులకు తన రేవుల మీదుగా ఇచ్చుచున్న సౌకర్యమును రద్దుచేసినది. ఏప్రిల్ చివరనే షిల్లాంగు నుండి సిల్చారు వరకు 166 కిలోమీటర్ల రహదారికి 22,864 కోట్లు మంజూరైనవి. అది కళదాన్ దారికి కొనసాగింపని అధికారులు చెప్పిరి. 2025 సెప్టెంబరులో ఐజాలు చెంతనున్న సాయిరాంగు వరకు రైలు వచ్చినది. కళదాన్ దారి 2027 నాటికి పూర్తిగా నడుచునని నౌకాయాన మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రకటించిరి.

భారతదేశపు వైపున పని వేగముగా సాగుచున్నదనుటలో అనుమానము లేదు. అయినను సిల్చారుకు ఎన్ని వరుసల రోడ్డు వేసినను, పలెత్వా-జొరిన్‌పుయి రోడ్డు వేయుటకు ఎవరి అనుమతి కావలెనో వారితో మాటాడక తప్పదు. 2024 ఫిబ్రవరిలో మిజోరాం రాజ్యసభ సభ్యుడొకరు సరిహద్దు దాటిపోయి అరకాన్ ఆర్మీవారితో ఈ రోడ్డును గూర్చి మాటాడివచ్చిరి. అది ఢిల్లీ పంపిన రాయబారము కాకపోవచ్చును. సరిహద్దు జిల్లాల జనమునకు మాత్రము నదికి యజమాని మారిన సంగతి ఢిల్లీ కంటె ముందుగా తెలిసినది. చైనా ఈ విషయమున మొగమాటము లేనిది. అది సైన్యమునకు ఆయుధములమ్మును, తిరుగుబాటుదారులతోను మాటాడును, తన గొట్టముల జోలికి ఇరువురును పోకుండ చూచుకొనును. యుద్ధము చుట్టుముట్టినను గొట్టములు చాలమట్టుకు నడచుటకు కారణము ఇదియే. ఈ నీతిని మెచ్చుకొననక్కరలేదు. కాని గొట్టమును కాపాడుట సులభము. దానికి రెండు కొనలయందు తాళములున్న చాలును. లారీలు నడుచు రోడ్డుకు ప్రతి మలుపునందును శాంతి కావలెను.

2024 ఏప్రిల్‌లో సిత్వే రేవు నిర్వహణమును ఇండియా పోర్ట్స్ గ్లోబల్ సంస్థకు అప్పగించుటకు విదేశాంగశాఖ అంగీకరించినది. అప్పటికే పలెత్వా చేతులు మారి మూడు నెలలైనది. 2008 నాటి ఒడంబడిక మీద సంతకము చేసినవారిది నేప్యిదోలోని ప్రభుత్వము. నదిలో పడవ ఆపి తనిఖీ చేయువారు, రోడ్డు పనివారికి సిమెంటు, కంకర తెచ్చుకొన అనుమతినిచ్చువారు, ఆ ఒడంబడికలో పేరే లేనివారు. కోల్‌కతాలో ఓడకెక్కిన బస్తా జొరిన్‌పుయి చేరవలెనన్నచో, జెట్టీ మీద ఒక జెండా క్రింద సుంకము చెల్లించి, నదిలో కొంత దూరము పోయిన పిమ్మట మరియొక జెండా క్రింద మరల చెల్లింపవలసియుండును. ఆ రెండవ రసీదు మీద ముద్ర ఎవరిదిగా ఉండవలెనో ఢిల్లీలో ఇంకను ఎవరును బాహాటముగా చెప్పలేదు.